ఆ రూపాయి గోడకా, మందుకా? ఉష్ణమండలంలో సేవా కేంద్రాల నిర్మాణం

1945లో లారీ బేకర్ అనే ఇరవై ఎనిమిదేళ్ల ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ భారతదేశానికి వచ్చారు. ఆయనను పిలిపించుకున్నది కుష్ఠురోగుల సేవ కోసం ఏర్పడిన ఒక క్రైస్తవ మిషన్. దేశంలో అక్కడక్కడా ఉన్న పాత కుష్ఠు ఆశ్రమాలను చికిత్స చేసే ఆసుపత్రులుగా మార్చే పని ఆయనకు అప్పగించారు. ఆ ఆశ్రమాలు రోగులను ఊరికి దూరంగా ఉంచడానికి కట్టినవి. నలుగురు తలదాచుకోవడానికి ఒక కప్పు, చుట్టూ ఒక ప్రహరీ ఉంటే సరిపోయేది. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చాక పరిస్థితి మారింది. వ్యాధి నయమవుతుందని తేలింది. ఇక కావలసింది వార్డు, కట్లు కట్టే గది, శస్త్రచికిత్స గది, రోగి కోలుకుని పని నేర్చుకునే షెడ్డు.

ఈ వ్యాధిలో కట్టడం తీరు కూడా వైద్యంలో భాగమే. నరాలు దెబ్బతిన్న కాళ్లకు, చేతులకు వేడి తెలియదు, గుచ్చుకున్నదీ తెలియదు. ఎండకు కాలిన బండ మీద నడిచి పాదం బొబ్బలెక్కినా రోగి గమనించకపోవచ్చు. ఆ బొబ్బ పుండవుతుంది, పుండు ఎముక దాకా పోతుంది. నీడ ఉన్న వసారా, చల్లగా ఉండే నేల, పదునైన అంచులు లేని మెట్లు అలాంటి చోట అలంకారాలు కావు.

బేకర్ చదివినది బర్మింగ్‌హామ్‌లో. వెంట తెచ్చుకున్న నిర్మాణ పుస్తకాల్లో మట్టి గోడ గురించి గానీ, చెదల గురించి గానీ, నాలుగు నెలలు విడవకుండా కొట్టే వాన గురించి గానీ పనికొచ్చే సమాచారం లేదు. నేర్చుకోవడానికి ఉన్న దారి ఒక్కటే. పక్క ఊరివాళ్లు తరతరాలుగా ఎలా కడుతున్నారో చూడటం. అంతకుముందు చైనాలో యుద్ధ క్షతగాత్రుల సేవ ముగించి ఇంగ్లండు వెళ్తూ, ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు ఆయనకు గాంధీజీతో పరిచయమైంది. మంచి ఇల్లు చుట్టూ అయిదు మైళ్లలో దొరికే సామగ్రితోనే కట్టాలన్న గాంధీజీ మాటను బేకర్ జీవితాంతం గుర్తుచేసుకునేవారు. 1948లో కేరళకు చెందిన వైద్యురాలు ఎలిజబెత్ జాకబ్‌ను పెళ్లాడి, హిమాలయ ప్రాంతంలోని పిథోరాగఢ్‌లో దాదాపు పదహారేళ్లు ఆసుపత్రి నడిపారు. అక్కడి రాయి, అక్కడి కలప, అక్కడి మేస్త్రీలు. తర్వాత కేరళలోని వాగమన్‌కు, అక్కడినుంచి తిరువనంతపురానికి చేరారు.

విరాళాలతో నడిచే కేంద్రానికి, లాభాల కోసం నడిచే ఆసుపత్రికి ఒక తేడా ఉంది. లాభాల ఆసుపత్రి కట్టడానికి పెట్టిన ఖర్చును రోగి బిల్లులో కలిపి రాబట్టుకుంటుంది. సేవా కేంద్రానికి ఆ వీలు లేదు. గోడలో ఎక్కువైన ప్రతి రూపాయీ మందుల్లో తగ్గుతుంది. అంతకంటే పెద్ద చిక్కు తర్వాత వస్తుంది. భవనానికి దాత దొరుకుతాడు, శిలాఫలకం మీద పేరు చెక్కుతారు. కరెంటు బిల్లుకు దాత దొరకడు. ఏసీ లేకపోతే కూర్చోలేని హాలు కట్టి, ఏసీ నడపలేక తాళం వేసుకునే సంస్థలు ఉన్నాయి. అందుకే ఇక్కడ చూడాల్సింది కట్టిన రోజు ఖర్చు ఒక్కటే కాదు, ముప్పై ఏళ్ల పాటు ఆ గదులను చల్లగా, పొడిగా, గాలి ఆడేలా ఉంచడానికి అయ్యే ఖర్చు కూడా.

ఎలుక బోను గోడ

బేకర్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ‘ర్యాట్ ట్రాప్ బాండ్’. ఈ గోడను ఆయన కనిపెట్టలేదు. ఇంగ్లండులో అంతకుముందే ఉంది. ఆయన దాన్ని ఇక్కడి మేస్త్రీల చేతికి అలవాటు చేశారు, అదే గొప్ప.

మామూలుగా ఇటుకను వెడల్పాటి ముఖం కిందికి వచ్చేలా పడుకోబెట్టి కడతారు. ఈ పద్ధతిలో ఇటుకను సన్నని అంచు మీద నిలబెడతారు. గోడ బయటి ముఖం వైపు ఒకటి, లోపలి ముఖం వైపు ఒకటి నిలువుగా పెట్టి, వాటి పక్కన ఒక ఇటుకను అడ్డంగా, గోడ మందం మొత్తం కలిసేలా పెడతారు. మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. రెండు నిలువు ఇటుకల మధ్య ఖాళీ మిగులుతుంది. పైనుంచి చూస్తే వరసగా ఎలుక బోనుల్లా కనిపిస్తుంది, పేరు అందుకే వచ్చింది.

ఎంత ఆదా అవుతుందో కాగితం మీదే లెక్క కట్టుకోవచ్చు. పాత కొలత ఇటుక 9 అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం అనుకుందాం. సున్నం, సిమెంటు అతుకుల మందం వదిలేద్దాం. ఒక ఇటుక ఘనపరిమాణం 121.5 ఘనపు అంగుళాలు. 9 అంగుళాల మందం ఉన్న గోడలో ఒక చదరపు అడుగుకు 1,296 ఘనపు అంగుళాలు పడతాయి. అంటే నిండు గోడకు చదరపు అడుగుకు సుమారు 10.7 ఇటుకలు కావాలి. ఎలుక బోను గోడలో 12 అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల ఎత్తు ఉన్న ఒక్కో భాగానికి మూడే ఇటుకలు. చదరపు అడుగుకు లెక్కిస్తే ఎనిమిది. పదకొండుకు దగ్గరగా పట్టే చోట ఎనిమిది. సరిగ్గా నాలుగో వంతు ఇటుకలు మిగిలాయి, గోడ మందం మాత్రం తగ్గలేదు. ఒక్కో వరస ఎత్తు 3 అంగుళాల నుంచి నాలుగున్నరకు పెరిగింది కాబట్టి అడ్డ అతుకుల సంఖ్యా తగ్గింది, వాటితో పాటు సిమెంటూ తగ్గింది.

మధ్యలోని ఖాళీ వల్ల ఇంకో లాభం ఉంది. కదలని గాలికి ఉన్న ఉష్ణవాహకత కాలిన ఇటుకకు ఉన్నదానిలో సుమారు ముప్పయ్యో వంతు. అలాగని గోడ ముప్పై రెట్లు చల్లగా ఉంటుందనుకోకూడదు. అడ్డంగా పెట్టిన ఇటుక బయటి ముఖాన్ని లోపలి ముఖంతో కలుపుతూ వేడికి వంతెన వేస్తుంది. ఖాళీలోని గాలి కూడా కాస్త కదులుతుంది. అయినా నిండు గోడతో పోలిస్తే లోపలికి చేరే వేడి తగ్గుతుంది. పడమటి వైపు మంచం వేసుకున్న రోగికి మే నెల సాయంత్రం ఆ తేడా తెలుస్తుంది.

అయితే ఈ గోడను ఎక్కడపడితే అక్కడ కట్టకూడదు. పునాది మీద మొదటి వరస, కిటికీ గడప కింద వరస, శ్లాబు కూర్చునే చివరి వరస నిండు ఇటుకతోనే రావాలి. తలుపు, కిటికీల పక్క అంచులూ అంతే. భూకంపం వచ్చే ప్రాంతాల్లో మూలల దగ్గర ఖాళీల్లో ఇనుప చువ్వలు దించి కాంక్రీటు నింపాలి, తలుపుల పైన గోడ పొడవునా కాంక్రీటు పట్టీ వెయ్యాలి. ఖాళీలు ముందే ఉన్నాయి కాబట్టి ఆ చువ్వలకు విడిగా చోటు చెక్కనవసరం లేదు. కరెంటు పైపులు ఎటు పోవాలో ముందే తేల్చుకోవాలి. కట్టేశాక గోడ చెక్కితే అంచు మీద నిలబడ్డ ఇటుక విరుగుతుంది.

వేడంతా పైనుంచే

ఉష్ణమండలంలో ఏ ఊళ్లోనైనా సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు నడినెత్తి మీదికి వస్తాడు, సరిగ్గా అంచు రేఖల మీద ఉంటే ఒకసారి. వేసవిలో గోడల కంటే కప్పే ఎక్కువ ఎండ తాగుతుంది. ఒక్క అంతస్తు వార్డులో లోపలికి వచ్చే వేడిలో పెద్ద వాటా కప్పుదే. నాలుగైదు అంగుళాల కాంక్రీటు శ్లాబు మధ్యాహ్నం తాగిన వేడిని కొన్ని గంటల తర్వాత లోపలికి వదులుతుంది. మిట్టమధ్యాహ్నం ఓర్చుకోగలిగిన గది రాత్రి ఎనిమిదింటికి పొయ్యిలా ఉండటానికి కారణం ఇదే. సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లి పడుకునే తెలుగు ఇళ్లకు ఈ భౌతికశాస్త్రం కొత్త కాదు.

బేకర్ వాడిన ఫిల్లర్ శ్లాబు ఇక్కడ రెండు పనులు చేస్తుంది. రెండు గోడల మీద ఆనిన శ్లాబు బరువుకు మధ్యలో కొద్దిగా కిందికి వంగుతుంది. పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. నొక్కుడును కాంక్రీటు బాగా తట్టుకుంటుంది, సాగదీస్తే పగులుతుంది. అందుకే కింద ఇనుము వేస్తారు, సాగే బలాన్ని అది మోస్తుంది. అంటే కింది పొరలోని కాంక్రీటు ఇనుమును పట్టుకుని ఉండటం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. చువ్వల మధ్య గళ్లలో దాన్ని తీసేసి, తేలికైన పెంకు పెడితే శ్లాబు బలం తగ్గదు, బరువు తగ్గుతుంది. అయిదు అంగుళాల నిండు శ్లాబు చదరపు మీటరుకు 300 కిలోలకు పైగా తూగుతుంది. ఆ బరువు తగ్గితే కింద గోడకు, పునాదికి కూడా భారం తగ్గుతుంది. రెండు పెంకులను ఎదురెదురుగా మూస్తే మధ్యలో గాలి బందీ అవుతుంది, వేడి దిగడం నెమ్మదిస్తుంది. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది కాబట్టి మిగిల్చిన ప్రతి బస్తాకూ విలువ ఉంది.

గోడ దాటి ముందుకు వచ్చే సన్‌షేడ్, బాల్కనీలకు ఇది పనికిరాదు. అక్కడ శ్లాబు తిరగబడి పనిచేస్తుంది. పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. కింద పెంకు పెడితే కాంక్రీటు కావలసిన చోటే తీసేసినట్టవుతుంది. ఈ తేడా తెలియని చోట ఫిల్లర్ శ్లాబు వెయ్యకపోవడమే మేలు.

ఈ శ్లాబులో వాడే మంగుళూరు పెంకు పుట్టుకే ఒక మిషన్‌లో జరిగింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం పేరుతో పనిచేసిన బాసెల్ మిషన్ 1865లో మంగుళూరు దగ్గర జెప్పులో మొదటి పెంకుల కర్మాగారం పెట్టింది. ఉద్యోగం లేని తన సభ్యులకు పని చూపించడానికి మొదలైన కార్ఖానా పడమటి తీరమంతా ఇళ్ల కప్పుల రూపు మార్చేసింది. మన ఊళ్లలో చాలాచోట్ల ఇవే బెంగుళూరు పెంకులుగా పేరుపడ్డాయి.

తెల్ల సున్నం పూసినా, లేత రంగు పలకలు పరిచినా కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చినది ఈ సూత్రం మీదే. సేవా కేంద్రాలకు ఇంతకంటే చవకైన మరమ్మతు లేదు.

గాలి ఆడటమూ వైద్యమే

బేకర్ కట్టడాల్లో కిటికీలకు బదులు చాలాచోట్ల ఇటుక జాలీలు కనిపిస్తాయి. తిరువనంతపురంలో 1970ల తొలినాళ్లలో ఆయన కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో గోడలకు గోడలే జాలీలు. కిటికీ అంటే చట్రం, రెక్క, బందులు, గాజు, చువ్వలు, రంగు. జాలీకి ఇటుక చాలు. వెలుగు ముక్కలై లోపలికి వస్తుంది కాబట్టి కళ్లకు మిరుమిట్లు ఉండవు. జాలీ గాలి వేగాన్ని పెంచి గదిని చల్లబరుస్తుందని తరచు రాస్తుంటారు. రంధ్రంలో వేగం పెరిగే మాట నిజమే గానీ, అంతే వెడల్పు తెరిచిన కిటికీతో పోలిస్తే మొత్తం లోపలికి వచ్చే గాలి తక్కువే. జాలీకి ఉన్న అసలు బలం వేరు. దాన్ని ఎవరూ మూయలేరు. రాత్రీ పగలూ, వానలోనూ గాలి ఆడుతూనే ఉంటుంది.

ఆసుపత్రిలో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. క్షయ రోగి దగ్గినప్పుడు వెలువడే సూక్ష్మ తుంపరలు గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. ఆ గాలి ఎంత త్వరగా మారితే పక్క మంచం మీది మనిషికి ముప్పు అంత తగ్గుతుంది. పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రుల్లోని 70 గదుల్లో పరిశోధకులు దీన్ని కొలిచారు. గదిలో కార్బన్ డయాక్సైడ్ వదిలి, కిటికీలు తెరిచాక అది ఎంత వేగంగా తగ్గుతుందో చూశారు. 2007లో వెలువడిన ఆ ఫలితాలు చాలామందిని ఆశ్చర్యపరిచాయి. కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో గాలి గంటకు సుమారు 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి లాగే ప్రత్యేక గదుల్లో 12 సార్లు. యాభై ఏళ్లకు పైబడిన పాత భవనాల్లో, ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు ఉన్నచోట 40 సార్లు. అదే సహజ గాలి మీద ఆధారపడ్డ కొత్త భవనాల్లో 17 సార్లే. ఎత్తు తగ్గించి, కిటికీ కుదించి కట్టిన ‘ఆధునిక’ వార్డు పాత వార్డు కంటే వెనకబడింది.

ఆఫ్రికాలోని రువాండాలో 2011లో ప్రారంభమైన బుటారో ఆసుపత్రి ఈ ఆలోచనతోనే రూపుదిద్దుకుంది. పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ అనే స్వచ్ఛంద సంస్థ, రువాండా ప్రభుత్వం కలిసి కట్టించిన ఆ 140 పడకల ఆసుపత్రిలో నడవాలను లోపల కాకుండా బయట పెట్టారు. రోగులు కిక్కిరిసి వేచి ఉండే ఇరుకు నడవాల్లోనే అంటువ్యాధి ఎక్కువగా పాకుతుంది కాబట్టి. కప్పు ఎత్తు పెంచి పైన గాలి పోయే దారులు వదిలారు. వెచ్చని గాలి తేలికై పైకి లేచి బయటికి పోతుంది, కింద కిటికీలోంచి కొత్త గాలి వస్తుంది. గోడలకు వాడినది అక్కడి పొలాల్లో అడ్డంగా పడి ఉండే అగ్నిపర్వత శిల.

నీళ్ల మధ్య ఊరైతే

కేరళ కొండ వాలులో పనికొచ్చినది వరద మైదానంలో పనికిరాకపోవచ్చు. బంగ్లాదేశ్‌లో బ్రహ్మపుత్ర ఒడ్డున గైబంధా జిల్లాలో ఫ్రెండ్‌షిప్ అనే స్వచ్ఛంద సంస్థ శిక్షణ కేంద్రం కట్టాలనుకుంది. అక్కడి పేదలు నివసించేది నది వేసి, నదే కోసుకుపోయే ఇసుక దిబ్బల మీద. మన గోదావరి లంకల్లాంటివి. స్థలం పల్లంలో ఉంది. మామూలు పద్ధతి ప్రకారం మట్టి పోసి మెరక చెయ్యాలి, ఆ మట్టికే నిధులు అయిపోతాయి. ఆర్కిటెక్ట్ కాషెఫ్ చౌదరి నేల ఎత్తు పెంచడం మానేసి స్థలం చుట్టూ మట్టికట్ట వేశారు. లోపల నేల మట్టంలోనే ఇటుక గదులు, మధ్యమధ్య ముంగిళ్లు కట్టి, కప్పుల మీద మట్టి పోసి గడ్డి పెంచారు. వానచుక్క గడ్డిలో ఇంకుతుంది, ఎండ వేడి మట్టిలో ఆగుతుంది. లోపల చేరిన వాన నీటిని తొట్టెల్లోకి మళ్లించి పక్కన తవ్విన చెరువులోకి తోడతారు. దూరం నుంచి చూస్తే భవనం కనిపించదు, పొలమే కనిపిస్తుంది. 2016లో దీనికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది.

అదే సంస్థకు అదే ఆర్కిటెక్ట్ సాత్‌ఖీరా జిల్లాలో 80 పడకల ఆసుపత్రి కట్టారు. అది సముద్రానికి దగ్గర. రొయ్యల చెరువులతో భూగర్భ జలం ఉప్పుబారింది. అక్కడ నీళ్లకు కొదవ లేదు, తాగే నీళ్లకే కొదవ. అందుకని ప్రతి కప్పు నీరూ, ముంగిలి నీరూ ఆసుపత్రి మధ్యగా వంకర్లు తిరిగే కాలువలోకి చేరేలా కట్టారు. కాలువ నీరు చివర్లోని తొట్టెల్లో నిల్వ ఉంటుంది. బయటి రోగుల విభాగాన్నీ, లోపలి రోగుల వార్డులనూ విడదీసేది కూడా ఆ కాలువే, గోడ కట్టే పని తప్పింది. పక్కన నీరుండటంతో గాలి కాస్త చల్లబడుతుంది. బ్రిటన్ వాస్తుశిల్పుల సంస్థ తన 2021 అంతర్జాతీయ బహుమతిని దీనికే ఇచ్చింది.

నకలు చెయ్యకూడనివి

ఉష్ణమండలం అంటే ఒకే వాతావరణం కాదు. మన జాతీయ భవన నిర్మాణ స్మృతి దేశాన్ని అయిదు వాతావరణ మండలాలుగా విభజించింది. విశాఖలో ఉక్కపోత, అక్కడ శరీరం మీదుగా గాలి కదలాలి. ఎంత మందం గోడ కట్టినా గాలి ఆడకపోతే చెమట ఆరదు. హైదరాబాదు వేసవి పొడిగా ఉంటుంది. అక్కడ మందపాటి గోడలు పగలు వేడిని ఆపితే, రాత్రి కిటికీలు తెరిచి చల్లగాలితో గోడలను చల్లార్చుకోవచ్చు. నీళ్లు ఆవిరై చల్లబరిచే పద్ధతి పొడి గాలిలో పనిచేస్తుంది, తీరంలో పెద్దగా చెయ్యదు. రెండు చోట్లా మారనిది ఒకటుంది. పొడవాటి గోడలు ఉత్తర దక్షిణాలకు తిరగాలి. ఉదయం, సాయంత్రం వాలుగా వచ్చే ఎండను ఏ చూరూ ఆపలేదు కాబట్టి తూర్పు పడమరలకు పొట్టి గోడలే మంచిది.

తుపాను తీరంలో కప్పును ఇంకో కంటితో చూడాలి. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి 200 అయితే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. రేకుల కప్పును ఆ గాలి కిందికి నొక్కదు, పైకి పీకుతుంది. వానకోసం చూరును బాగా ముందుకు చాపితే అదే గాలికి పట్టు దొరికే అంచవుతుంది. అందుకే వసారా కప్పును వార్డు కప్పుతో కలపకుండా విడిగా కట్టడం మేలు. వసారా ఎగిరిపోయినా రోగుల మీద కప్పు మిగులుతుంది.

ఇటుక మీద కూడా ప్రశ్నలున్నాయి. బేకర్ రోజుల్లో అది స్థానిక వస్తువు. నేడు చాలాచోట్ల పంట పొలం పైమట్టి తీసి, బొగ్గుతో కాల్చి, దూరం నుంచి లారీలో తెచ్చేది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన ‘ఆస్త్ర’ విభాగం కాల్చకుండా మట్టిని నొక్కి, కొద్ది శాతం సిమెంటు కలిపి చేసే దిమ్మెల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఏ మట్టి అయినా వాటికి పనికిరాదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే పగులుతుంది. ఇసుకపాలు ఉన్న ఎర్రమట్టి బాగా కుదురుతుంది. థర్మల్ కేంద్రాలు దగ్గరున్న చోట ఫ్లైయాష్ ఇటుకలు చవక. సిమెంటు ఫ్యాక్టరీ ఊరి పక్కనే ఉండి, మంచి మట్టి వంద కిలోమీటర్ల అవతల ఉంటే లెక్క మళ్లీ వెయ్యాలి.

ఇక మనుషుల సంగతి. పూత లేని ఇటుక గోడను చూసి ‘డబ్బు చాలక ఆపేశారా’ అని అడిగేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. పేదల కోసం కడుతున్నారు కాబట్టి పేదగా కట్టారని రోగులు నొచ్చుకుంటే అది తీసిపారేయాల్సిన విషయం కాదు. కుష్ఠు ఆశ్రమాల మీద ఉన్న మచ్చే అది. బేకర్ దీనికి సమాధానంగా పనితనాన్ని చూపించారు. అతుకులు సమంగా, ఇటుక అంచులు శుభ్రంగా ఉన్న గోడ పూత పూసిన గోడ కంటే తక్కువగా కనిపించదు. అలాంటి గోడకు చెయ్యి తిరిగిన మేస్త్రీ కావాలి, కూలి ఎక్కువవుతుంది. సామాన్లకు పోయే డబ్బు కూలికి పోతే ఊళ్లోనే ఉంటుందన్నది ఆయన వాదన. 1985లో ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్, కేరళ మాజీ ముఖ్యమంత్రి సి. అచ్యుత మీనన్‌ తదితరులతో కలిసి స్థాపించిన ‘కాస్ట్‌ఫోర్డ్’ సంస్థ 2007లో ఆయన మరణించాక కూడా ఈ పద్ధతుల్లో కడుతూనే ఉంది.

ఎలుక బోను గోడ ఎప్పుడూ కట్టని మేస్త్రీతో నేరుగా వార్డు గోడ మొదలుపెట్టించడం సాహసమే. ముందు కాపలా గదో, సైకిళ్ల షెడ్డు గోడో కట్టించాలి. నాలుగు వరసలు లేచాక పైనుంచి ఖాళీల్లోకి టార్చి వేసి చూడాలి. అడుగున ముద్దలుగా సిమెంటు పడి ఉంటే ఖాళీ పూడి, వేడికి దారి పడినట్టే. వరస వేసేటప్పుడు ఖాళీ మీద సన్నని చెక్క పట్టీ పెట్టి, సిమెంటు పరిచాక దాన్ని ఎత్తేస్తే ముద్దలు లోపల పడవు.